నాలుగో గడి

ఉద్యోగ సంఘాల ప్రతినిధులూ శాఖల అధికారులూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే జిల్లా స్థాయి జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ సమావేశానికి మేము తయారుచేసే అజెండా కాగితానికి నాలుగు గడులు ఉండేవి. మొదటి గడిలో వరుస సంఖ్య, రెండో గడిలో ఉద్యోగ సంఘం లేవనెత్తిన అంశం, మూడో గడిలో సంబంధిత శాఖ ఇచ్చిన వివరణ, నాలుగో గడిలో తీసుకున్న చర్య. నేను 1985లో రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2024లో పదవీ విరమణ చేశాను. ఆ 39 ఏళ్లలో తొలి భాగమంతా సంఘం తాలూకా శాఖ కార్యదర్శిగా, ఆ తర్వాత జిల్లా కార్యవర్గ సభ్యుడిగా ఆ బల్లకు ఒక పక్క కూర్చున్నాను. మలిభాగంలో విడతలు విడతలుగా కలెక్టరేట్‌లోని ‘ఎ’ సెక్షన్‌లో, అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే సెక్షన్‌లో, సూపరింటెండెంటుగా రెండో పక్క కూర్చుని అదే అజెండాకు జవాబులు రాశాను. రెండు పక్కలా కూర్చున్నాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఒక శాఖ తన ఉద్యోగులతో ఎలా నడుచుకుంటుందో చెప్పేది ఆ నాలుగో గడే. అందులో ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట వరుసగా ఎన్ని సమావేశాల పాటు కనిపిస్తే, ఆ శాఖలోని మనుషులు ధర్నా చౌక్‌కు అంత దగ్గరగా జరిగినట్టు లెక్క.

ఈ విషయం మీద నాకు మొదటి పాఠం ఉద్యోగంలో చేరిన ఏడాదే అందింది. 1983 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం వచ్చింది. నిరుద్యోగులకు ఖాళీలు చూపించాలన్న ఉద్దేశంతో ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించి, దాన్ని ఆ ఫిబ్రవరి 28 నుంచే అమల్లో పెట్టింది. 55 దాటినవాళ్లంతా ఒక్కసారిగా ఇంటికి వెళ్లవలసి వచ్చింది. 1984 ఆగస్టులో వయస్సును మళ్లీ 58 చేశారు గానీ, మధ్యలో పంపేసినవాళ్లను మాత్రం వెనక్కి తీసుకోలేదు. వయస్సు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని 1985 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పెంచిన వయస్సును మధ్యకాలంలో వెళ్లిపోయినవాళ్లకు వర్తింపజేయకపోవడం వివక్ష అవుతుందని అదే ఏడాది మరో తీర్పులో చెప్పింది. ఆ రెండో తీర్పు వల్ల, ఇంకా 58 నిండని కొందరు తిరిగి విధుల్లో చేరారు.

మా ఆఫీసుకు అలా తిరిగి వచ్చిన సీనియర్ అసిస్టెంటు ఒకాయన ఉండేవారు. మొదటి రోజు ఆయన హాజరు పట్టీ ముందు నిలబడి, తన పేరు ఎక్కడా లేకపోవడం చూసి, చివర ఖాళీ వరుసలో తన పేరు తానే రాసుకుని సంతకం చేశారు. రెండున్నరేళ్ల పాటు ఊళ్లో ఒక ఎరువుల కొట్టులో లెక్కలు రాశారట. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “పంపేస్తే పంపేశారోయ్, ప్రభుత్వం కదా. ఒక ఆరు నెలల ముందు చెప్పి ఉంటే ఆ ఏడాది మా అమ్మాయి పెళ్లి పెట్టుకునేవాణ్ణి కాదు.” వయస్సు 55 ఉండాలా 58 ఉండాలా అన్నది ప్రభుత్వం తేల్చుకోవలసిన విధానం. ఒక్క కలంపోటుతో వేలమంది ఇంటి లెక్కలు తారుమారయ్యే నిర్ణయాన్ని ఆ ఉద్యోగుల ప్రతినిధులతో ఒకసారి కూర్చుని మాట్లాడకుండా తీసుకోవడం మాత్రం విధానం కాదు, విధానం లేకపోవడం.

రాజ్యాంగం 309వ అధికరణం కింద ఉద్యోగుల సర్వీసు నిబంధనలు రూపొందించే అధికారం ప్రభుత్వాలకు ఉంది. చట్టసభ చట్టం చేసేవరకు గవర్నరు పేరుతో, లేదా రాష్ట్రపతి పేరుతో వెలువడే నియమాలే చట్టంతో సమానం. సంఘాలను సంప్రదించి తీరాలని ఆ అధికరణంలో ఎక్కడా లేదు. యజమానే శాసనకర్త కూడా అయిన చోట, సంప్రదింపు అన్నది చట్టం బలవంతం చేసినందువల్ల వచ్చేది కాదు. అనుభవం నేర్పితే వచ్చేది. కేంద్ర ప్రభుత్వానికి ఆ అనుభవం 1960లో ఎదురైంది. రెండో వేతన సంఘం సిఫార్సుల మీద అసంతృప్తితో కేంద్ర ఉద్యోగులు ఆ జులైలో ఐదు రోజులు సమ్మె చేశారు. అణచివేత, అరెస్టులు, సస్పెన్షన్లు అన్నీ అయ్యాక, ఇటువంటిది మళ్లీ రాకుండా ఉండాలంటే రోడ్డు మీదికి రాకముందే మాట్లాడుకునే చోటు ఒకటి ఉండాలని గ్రహించి, బ్రిటన్‌లో యాజమాన్యమూ ఉద్యోగులూ కలిసి కూర్చునే విట్లీ కౌన్సిళ్ల నమూనాలో 1966లో జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీని ఏర్పాటు చేశారు. పైన కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన జాతీయ కౌన్సిల్, దాని కింద శాఖల కౌన్సిళ్లు, ఆ కింద ఆఫీసు కౌన్సిళ్లు. జీతభత్యాలు, వారపు పని గంటలు, ఒక తరగతి ఉద్యోగుల సెలవులు అన్న మూడు అంశాలపై రెండు పక్షాలూ రాజీ పడలేకపోతే తప్పనిసరి మధ్యవర్తిత్వానికి పంపే ఏర్పాటు కూడా అందులో ఉంది. పదోన్నతులు, క్రమశిక్షణ వంటి వాటి మీద సాధారణ సూత్రాల వరకే చర్చ, విడి వ్యక్తుల కేసులు తేకూడదు.

ఆ చివరి నియమం మీద సంఘాల్లో చాలామందికి కోపం. నాకూ ఒకప్పుడు ఉండేది. ఒక అటెండరు ఇంక్రిమెంటు ఆగిపోతే, ఆ అటెండరు పేరు చెప్పకూడదంటే ఇంకెందుకీ కౌన్సిలు అని వాదించేవాణ్ణి. అవతలి పక్క కూర్చున్నాకే దాని విలువ తెలిసింది. ఒకరి పేరు మీద వచ్చిన అంశం ఆ ఒక్కరికి మేలు జరిగితే ముగిసిపోతుంది; అదే అంశాన్ని పద్ధతిగా మార్చి రాస్తే వందమందికి దారి ఏర్పడుతుంది. అలా మార్చి రాయడం సంఘ నాయకుడికి రావలసిన ముఖ్యమైన విద్య అని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్ల సీనియారిటీ జాబితాను, నియామక సంస్థ ఇచ్చిన ర్యాంకు ప్రకారం కాకుండా, చేరిన తేదీల ప్రకారం తయారుచేశారు. మన సర్వీసు నిబంధనల ప్రకారం ఒకే ఎంపికలో వచ్చినవాళ్ల మధ్య సీనియారిటీని నిర్ణయించేది ర్యాంకు. ఎవరు ముందు వచ్చి సంతకం పెట్టారన్నది కాదు. తాత్కాలిక జాబితాను నోటీసు బోర్డులో పెట్టి, సంబంధిత ఉద్యోగులందరికీ ప్రతులు పంపి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, వాటిని పరిష్కరించాకే తుది జాబితా ప్రకటించాలి. అక్కడ ఆ మధ్య మెట్లన్నీ దాటేశారు. జాబితా బీరువాలో ఉంది, దాని ఆధారంగా పదోన్నతుల ప్యానెల్ తయారైంది, ఇద్దరికి సీనియర్ అసిస్టెంట్లుగా పదోన్నతి వచ్చింది. మూడేళ్ల తర్వాత వేరే డివిజన్‌లో పనిచేస్తున్న ఒకాయన తన ర్యాంకు కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయన చెప్పింది నిజం.

ఆ ఇద్దరిలో ఒకరు భర్త పోయి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న ఆవిడ. రివర్షన్ మెమో, అంటే పాత హోదాకు దించే ఉత్తర్వు, అందిన రోజు ఆవిడ సర్వీసు రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది. అట్ట అంచులు చిరిగి, గోధుమరంగు కాగితం అంటించిన పుస్తకం. మొదటి పేజీలో పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కింద రెండు పుట్టుమచ్చలు, ఎడమచేతి వేలిముద్రలు. లోపలి పేజీలో మూడేళ్ల కిందట నల్ల సిరాతో రాసిన పదోన్నతి నమోదు, దాని పక్కన అధికారి సంతకం. దాని కింద నేను ఇప్పుడు రివర్షన్ నమోదు రాయాలి. ఆవిడ వచ్చి, “నేను ఏం తప్పు చేశానో ఒక్కటి చెప్పండి సార్” అన్నారు. ఆవిడ ఏ తప్పూ చేయలేదు. తన జాబితాను తానే ఎన్నడూ చూడలేదు, ఎందుకంటే దాన్ని ఎవరికీ చూపించలేదు. అదనంగా తీసుకున్న జీతం తిరిగి కట్టమని కూడా మొదట నోటీసు వెళ్లింది. తమ తప్పు లేకుండా అదనంగా పొందిన మొత్తాన్ని కింది స్థాయి ఉద్యోగుల నుంచి వసూలు చేయరాదని 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును జతచేసి ఫైలు పెట్టాక ఆ నోటీసు ఆగింది. హోదా మాత్రం పోయింది. ఆవిడ తన కుర్చీని తానే జరుపుకుని పాత బల్ల దగ్గరికి వెళ్లడం నేను చూశాను.

ఈ ఘటన తర్వాత సంఘం వాళ్లు కౌన్సిల్‌లో ఆవిడ పేరు ఎత్తకుండా, జిల్లాలోని ప్రతి నియామక అధికారీ ఏటా ఒక నిర్ణీత తేదీ నాటికి అన్ని కేడర్ల సీనియారిటీ జాబితాలనూ ప్రచురించాలని అంశం పెట్టారు. నా పాత మిత్రులే రాశారు, చక్కగా రాశారు. మూడో గడిలో శాఖలన్నీ ‘నిబంధనల మేరకు చర్య తీసుకోబడుతుంది’ అని పంపాయి. నాలుగో గడిలో ‘పరిశీలనలో ఉంది’ అని నేనే టైపు చేయించాను. తర్వాతి సమావేశంలోనూ అదే. ఆ తర్వాతి దానిలోనూ అదే. నాలుగోసారి అధ్యక్షత వహించిన కలెక్టరు కొత్తగా వచ్చినవారు. అంశం చదివి, తలెత్తి, “ఎవరి పరిశీలనలో ఉంది?” అని అడిగారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. “అధికారి పేరు, పూర్తిచేసే తేదీ రాయండి. ఈ గడిలో ఇకనుంచి ఆ రెండే ఉండాలి” అన్నారు. ఆ సాయంత్రం నేను శాఖలవారీగా పేర్లూ తేదీలూ వేసి మినిట్స్ పంపాను. తేదీ దాటిన ప్రతి ఆఫీసుకూ వారం వారం ఫోను చేశాను. మూడు నెలలు తిరిగేసరికి ఒకటి రెండు తప్ప అన్ని ఆఫీసుల్లో జాబితాలు బోర్డుకెక్కాయి. కొత్త జీవో ఏదీ రాలేదు. నిబంధన అంతకుముందు కూడా పుస్తకంలో ఉన్నదే.

శాఖలు ఎక్కడ పొరపాటు పడతాయో ఇందులో ఉందనుకుంటాను. సంఘంతో సమావేశమంటే వాళ్ల మాట విని పంపించే కార్యక్రమం అనుకుంటారు. కూర్చోబెట్టడం, టీ ఇవ్వడం, ‘సానుకూలంగా స్పందించారు’ అని మర్నాడు పేపర్లో రావడం. రాతలో పడని మాటకు ఆఫీసులో విలువ లేదని ప్రతి గుమాస్తాకూ తెలుసు. ఆ గుమాస్తాలే సంఘ సభ్యులు. వాళ్లను మాటతో సరిపెట్టడం సాధ్యం కాదు.

జిల్లాలో జరిగేది చిన్న అద్దం. అదే రాష్ట్రస్థాయిలో జరిగితే ఏమవుతుందో 2022 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో అందరం చూశాం. అశుతోష్ మిశ్రా అధ్యక్షతన 2018లో వేసిన పదకొండో వేతన సవరణ సంఘం (పీఆర్సీ) 2020లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదికను బయటపెట్టమని సంఘాలు నెలల తరబడి అడిగాయి. నివేదికను బయటపెట్టకుండా, దాన్ని పరిశీలించిన ప్రధాన కార్యదర్శి కమిటీ 2021 డిసెంబరులో 14.29 శాతం ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద పెంపు, సిఫార్సు చేసింది. వేతన సంఘం సిఫార్సు చేసింది 27 శాతం. ఉద్యోగులు 2019 జులై నుంచి తీసుకుంటున్న మధ్యంతర భృతి కూడా 27 శాతమే. 2022 జనవరి 7న ముఖ్యమంత్రి 23 శాతం ఫిట్‌మెంట్‌నూ, పదవీ విరమణ వయస్సును 60 నుంచి 62కు పెంచడాన్నీ ప్రకటించారు. సంఘాల నాయకులు ఆ సమావేశం నుంచి బయటికి వచ్చి కృతజ్ఞతలు కూడా చెప్పారు. తర్వాత పది రోజులకు, 17వ తేదీన, జీవోలు వెలువడ్డాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఇంటి అద్దె భత్యం శ్లాబులు తగ్గాయి. నగర పరిహార భత్యం (సీసీఏ) పోయింది. మధ్యంతర భృతికీ కొత్త ఫిట్‌మెంట్‌కూ ఉన్న తేడాను సర్దుబాటు చేస్తామన్నారు. ఐదేళ్లకోసారి వచ్చే వేతన సవరణ స్థానంలో పదేళ్ల కేంద్ర పద్ధతికి మారతామన్నారు.

ఆ వారం మా ఆఫీసు వాతావరణం నాకు బాగా గుర్తుంది. ప్రతివాడూ కాగితం మీద పాత జీతం, కొత్త జీతం పక్కపక్కన వేసుకుని లెక్కలు కడుతున్నాడు. మూలవేతనం పెరిగింది, చేతికి వచ్చేది మాత్రం కొందరికి తగ్గుతోంది. ఏ ఉద్యోగికైనా, ఏ దేశంలోనైనా, ‘వేతన సవరణ’ అన్న పేరుతో వచ్చిన ఉత్తర్వు చూసుకుని జీతం తగ్గిందని తేలితే వాడికి వివరించి చెప్పడానికి ఇక మాట ఉండదు. సంఘాలన్నీ కలిసి పీఆర్సీ సాధన సమితిగా ఏర్పడి మూడు కోర్కెలు పెట్టాయి: జీవోలు రద్దు చేయాలి, మిశ్రా నివేదిక బయటపెట్టాలి, జనవరి నెలకు పాత జీతాలే ఇవ్వాలి. కొత్త బిల్లులు చేయడానికి ట్రెజరీ సిబ్బంది, డ్రాయింగ్ అధికారులు చాలాచోట్ల ముందుకు రాలేదు. వాళ్లకు మెమోలు వెళ్లాయి. తన జీతాన్ని తగ్గించే బిల్లును తన చేత్తోనే తయారుచేయమంటే మనిషికి కలిగే ఇబ్బంది ఏమిటో ఆ నెలలో ఎదురుగా చూశాను. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’కు పోలీసులు దారుల్లో ఆపినా వేలాదిమంది చేరుకున్నారు. 6వ తేదీ అర్ధరాత్రి నుంచి సమ్మె మొదలుకావలసి ఉండగా, 5వ తేదీ రాత్రి మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది. ఫిట్‌మెంట్ 23 శాతంగానే ఉంది. మధ్యంతర భృతి వసూలు మానుకున్నారు, అద్దె భత్యం శ్లాబులు సవరించారు, సీసీఏ కొనసాగింది, ఐదేళ్ల పద్ధతి నిలిచింది. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరంలోనూ న్యాయం ఉంది.

ఇక్కడ నేను గమనించమని కోరేది ఒకటుంది. ఆ రాత్రి మారిన అంశాలన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, 17వ తేదీకి ముందు ముసాయిదాగా కౌన్సిల్ బల్ల మీద పెట్టదగ్గవే. శ్లాబుల పట్టిక ఒక పేజీ. భృతి సర్దుబాటు ఒక పేరా. ఆ రెండు కాగితాలు ముందు చూపించి ఉంటే ఒక మధ్యాహ్నం వాదన జరిగేది, కొన్ని అంకెలు మారేవి, నలభై ఎనిమిది గంటల్లో జీవో వచ్చేది. ఖజానాకు డబ్బు లేదన్న కారణం నిజమే కావచ్చు. డబ్బు లేకపోవడం వల్ల నివేదిక దాచవలసిన అవసరం రాదు. డబ్బు లేనప్పుడే లెక్కలు తెరిచి చూపించాలి. ఎదుటివాడు ఒప్పుకోకపోయినా నమ్ముతాడు. ఏడాది ముందు తెలంగాణలో వేతన సంఘం 7.5 శాతమే సిఫార్సు చేసినా ప్రభుత్వం 2021 మార్చిలో 30 శాతం ప్రకటించిందన్న సంగతి మా వాళ్ల నోళ్లలో నానుతున్న రోజులవి. పక్క రాష్ట్రంతో పోల్చుకోకుండా ఉండమని ఎవరికీ చెప్పలేం.

సమ్మె గురించి నా అభిప్రాయం కొందరు పాత మిత్రులకు నచ్చదు, అయినా చెప్పాలి. ప్రభుత్వోద్యోగికి సమ్మె హక్కు చట్టంలో లేదు. ప్రవర్తనా నియమావళి 1964 నుంచీ దాన్ని నిషేధిస్తోంది. 1962లో బిహార్ కేసులో సుప్రీంకోర్టు శాంతియుతంగా ప్రదర్శన చేసే స్వేచ్ఛను గుర్తించింది గానీ సమ్మె చేసే హక్కును గుర్తించలేదు. 2003 జులైలో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన దాదాపు 1.7 లక్షల మందిని ఒక్క ఆర్డినెన్సుతో తొలగించింది. ఆ వ్యవహారంలో ఇచ్చిన తీర్పులోనే సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గానీ, చట్టబద్ధ హక్కు గానీ, నైతిక హక్కు గానీ లేదని తేల్చింది, తొలగించినవాళ్లలో ఎక్కువమందిని తిరిగి తీసుకునే ఏర్పాటు కూడా జరిగింది. ‘నైతిక హక్కు కూడా లేదు’ అన్న మాట నన్ను చాలా కాలం బాధపెట్టింది. ఆస్పత్రి నర్సు, తాగునీటి పంపు నడిపే మనిషి పని మానేస్తే పేదవాడికి కష్టమన్న మాట నిజం, నేను ఒప్పుకుంటాను. సమ్మె తలుపు మూసినవాళ్లకు చర్చల తలుపు తెరిచి ఉంచే బాధ్యత రెట్టింపవుతుంది. మన దేశం సంఘ స్వేచ్ఛకూ, సామూహిక బేరసారాల హక్కుకూ సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒడంబడికలను ప్రభుత్వోద్యోగుల మీద ఉన్న ఇలాంటి ఆంక్షల వల్లే ఇప్పటికీ ఆమోదించలేదు. అటువంటప్పుడు కౌన్సిల్ సమావేశాన్ని ఏడాదికి ఒకసారైనా జరపకపోవడం ఉద్యోగికి ఉన్న ఒక్క దారినీ మూయడమే అవుతుంది.

2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో కూడా ఇదే కనిపిస్తుంది. అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన ఆ సమ్మెలో సుమారు 48 వేల మందికి ‘మీరే ఉద్యోగాలు వదులుకున్నారు’ అన్న జవాబు వచ్చింది. నవంబరు 25న సంఘాలు సమ్మె విరమించాక, ప్రభుత్వం వాళ్లను తిరిగి తీసుకుంది, యూనియన్ల స్థానంలో డిపోకు ఇద్దరి చొప్పున సంక్షేమ మండళ్లు పెడతామంది. మనుషుల్ని తిరిగి తీసుకోవడం మంచిపని. సంక్షేమ మండలి మాత్రం సంఘానికి బదులు కాదు. యాజమాన్యం ఎంచుకున్న మనిషి యాజమాన్యానికి వినడానికి ఇష్టమైనదే చెబుతాడు. రహస్య ఓటుతో గెలిచిన మనిషి వినక తప్పనిది చెబుతాడు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రజారవాణా శాఖ ఉద్యోగులయ్యారు. వాళ్లు ఎన్నో ఏళ్లు ఓటు వేసి గుర్తింపు యూనియన్‌ను ఎన్నుకున్నవాళ్లు. ఉద్యోగ భద్రత వచ్చినందుకు సంతోషించారు గానీ, ప్రభుత్వ శాఖలోకి వచ్చాక యూనియన్ అన్న మాటకు పాత బలం ఉండదని నెమ్మదిగా తెలుసుకున్నారు.

గుర్తింపు ఇవ్వడం, తీసేయడం ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ఈ చిక్కు ఉంటుంది. కేంద్రంలో 1993 నిబంధనల ప్రకారం ఒక కేటగిరీ ఉద్యోగుల్లో 35 శాతం సభ్యత్వం చూపిన సంఘానికి గుర్తింపు వస్తుంది, సభ్యత్వాన్ని జీతం నుంచి చందా మినహాయింపు ద్వారా లెక్కిస్తారు. లెక్క ఉంది కాబట్టి అది కొంత మేలు. మన రాష్ట్రంలో 2001 నాటి గుర్తింపు నిబంధనలు ఉన్నాయి. 2023 జనవరిలో ఒక సంఘం నాయకులు జీతాలు, బకాయిలు సమయానికి రావడం లేదని గవర్నరుకు వినతిపత్రం ఇస్తే, మీ గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని ఆ నిబంధనల కిందే నోటీసు వెళ్లింది. విషయం హైకోర్టుకు చేరింది. ఒకటో తేదీన జీతం రావాలని అడగడం ఏ నియమావళి ప్రకారం తప్పవుతుందో ఎంత ఆలోచించినా నాకు అర్థం కాలేదు.

మావాళ్ల తప్పులు దాచి రాయడం కూడా నాకు ఇష్టం లేదు. గుర్తింపు పొందిన సంఘాల పదాధికారులకు సాధారణ బదిలీల నుంచి కొంతకాలం మినహాయింపు ఉంటుంది. నాయకుడు నిర్భయంగా పనిచేయాలని పెట్టిన రక్షణ అది. బదిలీల సీజను వచ్చేసరికి కొత్త కార్యవర్గాల జాబితాలు పుట్టుకొస్తాయి, అంతకుముందు ఒక్క సమావేశానికీ రానివాళ్లు కోశాధికారులూ సంయుక్త కార్యదర్శులూ అవుతారు. ఆ లేఖలను నేను ‘ఎ’ సెక్షన్‌లో స్వయంగా తెరిచాను. అలాంటి ఒక్క లేఖ నిజంగా పనిచేసే పదిమంది నాయకుల మాటకు విలువ తగ్గిస్తుంది. సంఘాల నాయకులకు గట్టిగా చెప్పదగిన మాట ఇదొక్కటే అయితే సంతోషించేవాణ్ణి. ఇంకొకటి ఉంది, అది నన్ను ఎక్కువ బాధపెట్టేది.

నేను చివరిసారి తయారుచేయించిన మినిట్స్‌ను టైపు చేసినది ఒక ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరు. తొమ్మిదేళ్లుగా అదే సీట్లో ఉంది. కౌన్సిల్‌లో ఉన్న సంఘాలన్నీ రెగ్యులర్ ఉద్యోగులవి. రాష్ట్రం 2020లో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అనే సంస్థను పెట్టాక దళారీల కమీషన్ బాధ తగ్గింది, జీతం నేరుగా ఖాతాలో పడుతోంది. కానీ ప్రసూతి సెలవు, పీఎఫ్ జమ, చనిపోయినవాళ్ల కుటుంబానికి సాయం వంటి విషయాలు ఎవరిని అడగాలో ఆ అమ్మాయికి తెలియదు, ఆమె తరఫున బల్ల దగ్గర కుర్చీ లేదు. అందరి సమస్యలకూ నాలుగో గడి టైపు చేస్తూ ఒకరోజు, “సార్, మాది ఏ వరుస సంఖ్య కింద వస్తుందండీ?” అని అడిగింది. మామూలుగా అడిగింది, నిష్ఠూరం ఏమీ లేదు.

మర్నాడు జిల్లా సంఘం కార్యదర్శికి ఫోను చేశాను. నాకంటే పదిహేనేళ్లు చిన్న, నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సంఘాలు కౌన్సిల్‌లో లేవు కాబట్టి నిబంధనల ప్రకారం వాళ్ల అంశం రాదని అన్నాడు. ‘కార్యాలయాల్లో పనిచేస్తున్న అన్ని తరగతుల సిబ్బందికి పీఎఫ్ జమల వివరాలను ప్రతి మూడు నెలలకు నోటీసు బోర్డులో ప్రదర్శించాలి’ అని రాస్తే ఎవరి పేరూ ఎత్తినట్టు కాదు కదా అన్నాను. కాసేపు ఆగి, “అలాగే రాస్తానండీ” అన్నాడు. రాశాడు. నేను విరమణ చేసిన నెలలో అది అజెండాలో చేరింది. మొన్న ఆ ఆఫీసుకు నా పెన్షను కాగితాల పని మీద వెళ్లినప్పుడు అడిగి చూశాను. అంశం అజెండాలో ఉంది, శాఖల వివరణ వచ్చింది. నాలుగో గడిలో ఒక అధికారి పేరు ఉంది. తేదీ ఇంకా వేయలేదు. వచ్చే సమావేశానికి ముందు వేయించమని కార్యదర్శికి మళ్లీ ఫోను చేశాను.